ఒకటవ తేదీ

ధ్యానమునకు: మత్తయి 6:24, యాకోబు 4:13–15, యిర్మీయా 32:6–15

నెల జీతము మీద బ్రదుకువారి యింట ఒకటవ తేదీ ఒక చిన్న పండుగ. పాలవాని లెక్క ఆ దినమున తీర్చుదురు. చీటీపాట సొమ్ము కట్టుదురు. దశమభాగపు కవరు బైబిలులో పెట్టుదురు. ఆ జీతము చాలదని సణుగుకొననివాడు లేడు. అయినను అది వచ్చునన్న నిశ్చయముతోనే ముప్పది రాత్రులు నిద్రపోవుదురు. ఆ ఒకటవ తేదీని తన చేతులతోనే తీసివేసికొనిన ఒక సహోదరుని గూర్చియు, అందులో నాకున్న భాగమును గూర్చియు ఈ నెల మీకు వ్రాయుచున్నాను.

2025 మే నెల 2వ తేదీన అమరావతిలో రాజధాని పనులు ప్రధానమంత్రిగారి చేతులమీదుగా తిరిగి ప్రారంభమైనవి. తరువాత కొద్ది దినములకే నందిగామలో మా యింటికి ఒక యౌవనస్థుడు వచ్చెను. బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు బిడ్డల తండ్రి, పాటల బృందములో మంచి గొంతుకగలవాడు.

“అయ్యగారూ, ఉద్యోగానికి రాజీనామా ఇద్దామనుకుంటున్నా. ఇక పూర్తిగా స్థలాల మీదే ఉంటాను. సెలవు రోజుల్లో తిరిగితేనే ఇంత వస్తోంది, పూర్తిగా దిగితే ఎంత వస్తుందో చూడండి. మీరు ప్రార్థన చేసి పంపండి” అనెను.

ప్రార్థన కొరకు వచ్చినవానిని ప్రార్థన చేయక పంపు అలవాటు మాకు లేదు. అయినను ఆ సాయంకాలము నేను వెంటనే కన్నులు మూయలేకపోతిని. “కూర్చో నాయనా. పది సంవత్సరముల క్రిందట ఇట్టి పనికే నేనొక ప్రార్థన చేసితిని. ముందు ఆ సంగతి విను” అంటిని. అతనికి చెప్పినదే మీకును చెప్పెదను.

మా ప్రాంతము నెరుగనివారి కొరకు రెండు మాటలు. జగ్గయ్యపేట, నందిగామ పాత కృష్ణా జిల్లాలోని మెట్ట. 2022 ఏప్రిల్ 4 నుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. డెల్టావారికి కాలువయు వరిచేలును తాతలనాటి ఆస్తి. మాది నల్లరేగడి, ప్రత్తి, మిరప. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు చివరి భూములకు వచ్చిన యేడు వచ్చినట్లు, రాని యేడు రానట్లు. హైదరాబాదు విజయవాడల రహదారి మాత్రము మా రెండు ఊళ్ల ప్రక్కగా పోవుచున్నది.

మరియొక సంగతి కూడ చెప్పవలెను. 1859లో రాఘవాపురపు పాగోలు వెంకయ్య డార్లింగ్ దొరగారిచేత బాప్తిస్మము పొందిన నాటినుండి ఈ మెట్టలో సువార్త నంగీకరించినవారిలో అధికులు భూమిలేని కూలివారు. మా తాతలు ఇతరుల చేలలో పాలేర్లుగా బ్రదికిరి. ఒక్క సెంటు నేలయైనను తమదని చెప్పుకొన నోచుకొనలేదు. కాబట్టి మా సంఘములలో ఒకడు రెండువందల గజముల స్థలము కొని, నాలుగు మూలల రాళ్లు పాతి, దాని నడుమ నిలువబడి కన్నీరు పెట్టుకొనిన, అది కేవలము ధనాపేక్ష అని నేను ఎన్నడును అనను. ఆ కన్నీటిలో మూడు తరముల అవమానము కడుగబడుచున్నది. భూమి కోరుట పాపమని చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుటలేదు.

రాష్ట్రము 2014 జూన్ 2న విడిపోయెను. ఆ సెప్టెంబరు 4న క్రొత్త రాజధాని విజయవాడ పరిసరములలో ఉండునని శాసనసభలో ప్రకటింపబడెను. 2015లో నది ఆవలి ఒడ్డున 29 గ్రామముల రైతులు రాజధాని కొరకు 33,000 ఎకరములకు పైగా భూమి నిచ్చిరి. ఆ అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెములో శంకుస్థాపన జరిగెను. నది ఈవల మాకు రాజధాని రాలేదు గాని దాని వేడి వచ్చెను. ప్రత్తిచేల నడుమ రంగు జెండాలు లేచెను. నిన్నటివరకు ఎకరములలో మాటలాడినవారు నేడు గజములలో మాటలాడిరి. టీ దుకాణములలోను, పెండ్లి పందిళ్లలోను, చెప్పుటకు సిగ్గుగానున్నది, గుడి వరండాలోను అదే మాట.

అప్పుడు నేను జగ్గయ్యపేటలో సేవ చేయుచుంటిని. మా సంఘపెద్దలలో ఒకరు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు. అందరము ఆయనను మాస్టారు అనియే పిలిచెడివారము. ప్రతి సంవత్సరము పిల్లలను ఊరి ప్రక్కనున్న ధనంబోడు దిబ్బకు తీసికొనిపోయి, అక్కడ 1882లో బర్జెస్ దొర త్రవ్వించిన బౌద్ధస్తూపమును చూపి, అక్కడ దొరికి ఇప్పుడు చెన్నై మ్యూజియములోనున్న రాతిపలక సంగతి చెప్పెడివారు. ఆ పలకమీద చక్రవర్తి నిలిచియుండును. ఏనుగు, గుఱ్ఱము, చక్రము చుట్టునుండును. మేఘమునుండి అతనిమీద నాణెములు వానగా కురియుచుండును. బౌద్ధుల కథలో ఆ రాజు మాంధాత. నాణెముల వాన కురిసినను అతనికి తృప్తి లేదు. స్వర్గములో సగము వచ్చినను చాలక, ఇంద్రుని చంపి మిగిలిన సగము కూడ ఏలవలెనని తలంచి, అక్కడనుండి నేలమీద పడిపోయెను. మనము ఆ మతస్థులము కాము. అయినను మా ఊరి మట్టిలో రెండువేల యేండ్లు పూడియున్న ఆ రాయి పలికినది అబద్ధము కాదు. మాస్టారు ఈ కథ చెప్పునప్పుడు పిల్లలు కదలకుండ వినెడివారు.

ఆయన 1998లో ఉద్యోగములో చేరెను. 2014 చివర బంధువు ఒకరితో కలిసి ఒక చిన్న స్థలము బయానాకు తీసికొని మూడు నెలలలో మారు బేరమునకు అమ్మెను. తన ఆరు నెలల జీతమంత లాభము చేతికి వచ్చెను. ఆ దినమునుండి ఆయనకు పాఠశాల గంట చెవిలో ముల్లుగా వినబడెను. 2015 జూన్‌లో రాజీనామా ఇచ్చెను.

చదువరీ, ఇక్కడ ఆగి ఒక లెక్క చూడుము. 1998లో చేరిన ప్రభుత్వోద్యోగి 20 సంవత్సరముల సేవ పూర్తిచేసి స్వచ్ఛందముగా విరమించిన యెడల పింఛను వచ్చును. ఆలోగా రాజీనామా ఇచ్చినవానికి వెనుకటి సేవ లెక్కకు రాదు. మాస్టారి సేవ 17 సంవత్సరములు. మూడేండ్లు తక్కువ. ఆ సంగతి నాకు తెలియును. ఆయన భార్య మా యింటికి వచ్చి, “అయ్యగారూ, మూడేళ్లు ఆగమని మీరైనా చెప్పండి. మీ మాట వింటారు” అని నన్ను బతిమాలెను గూడ.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు దాచను. మా గుడి రేకులు తుప్పుపట్టి కారుచుండెను. స్లాబు వేయుటకు సొమ్ము లేదు. మాస్టారు నాతో, “మొదటి లాభంలో గుడికి యాభైవేలు, అయ్యగారూ” అని యుండెను. ఆ మాట నా నోటికి తాళము వేసెను. ఆయన యింట కృతజ్ఞత కూటము పెట్టినప్పుడు నేను లూకా 5:27–28 తీసికొని, లేవీ సుంకపు మెట్టు విడిచి లేచిన సంగతి ప్రసంగించితిని. లేవీ కూడ నమ్మకమైన సర్కారు కొలువు విడిచెనుగదా, విశ్వాసముగలవాడు భద్రతను పట్టుకొని వ్రేలాడడుగదా అంటిని. అందరును ఆమేన్ అనిరి. ఆయన భార్య మాత్రము తల వంచుకొని యుండెను.

ఆ వాక్యములో సగము నేను మ్రింగివేసితిని. లేవీ కొలువు విడిచినది నిజమే. అయితే డబ్బు వచ్చుచోటు విడిచి, తల వాల్చుకొనుటకు స్థలమైనను లేని ఒకని వెంట వెళ్లెను. మాస్టారు డబ్బు వచ్చుచోటు విడిచి, ఎక్కువ డబ్బు వచ్చుచోటికి వెళ్లెను. లేచుట ఒకటే, వెళ్లిన త్రోవ వేరు. నేను ఆ లేచుటను మాత్రమే ఆశీర్వదించితిని.

మాట ప్రకారము ఆయన ఏబదివేలు ఇచ్చెను. స్లాబు పడెను. ఆ మీదట ప్రతి సంవత్సరము కృతజ్ఞతార్పణల ఆదివారమున ఆయనచేత సాక్ష్యము చెప్పించితిని. జీతగాడుగా ఉన్నప్పటి కొదువయు, ఇప్పటి సమృద్ధియు ఆయన వర్ణించునప్పుడు సంఘము నిశ్శబ్దముగా వినెడిది. ఆ వినువారిలో ఎవరి మనస్సులో ఏ విత్తనము పడుచున్నదో నేను ఆలోచింపలేదు.

ఆ వ్యాపారము నడుచు విధము చెప్పెదను. రైతుతో ధర కుదుర్చుకొని, అందులో కొంత భాగము బయానా ఇచ్చి, ఆరు నెలల గడువుతో అగ్రిమెంటు వ్రాయించుకొందురు. గడువులోగా ఎక్కువ ధరకు మరియొకనిని తెచ్చి, రైతుచేత నేరుగా ఆతనికి రిజిస్ట్రీ చేయింతురు. నడుమనున్న తేడా లాభము. కొనువాడు దొరకినంత కాలము చేతిలో సొమ్ము లేకున్నను బండి నడచును. దొరకనినాడు గడువు మాత్రము ఆగదు. మిగిలిన సొమ్ము తెచ్చి తానే కొనవలెను, లేదా బయానా పోగొట్టుకొనవలెను.

2019లో మాస్టారు నందిగామకు ఆవల రహదారికి దగ్గరలో మూడు ఎకరములకు బయానా ఇచ్చెను. అందుకు నూటికి రెండు రూపాయల వడ్డీమీద ఇరువది లక్షలు అప్పు తెచ్చెను. అంటే నెలకు నలుబదివేలు. ఆయన విడిచిన జీతము దాదాపు అంతే. మునుపు ఒకటవ తేదీని ఇంటిలోనికి వచ్చుచుండిన సొమ్ము ఇప్పుడు అదే తేదీని ఇంటినుండి బయటికి పోవుటకు మొదలిడెను. మా సంఘములో భర్తను పోగొట్టుకొనిన ఒక సహోదరి, ఆయన మరణమునకు వచ్చిన సొమ్ములో నాలుగు లక్షలు భాగముగా ఆ బయానాలో కలిపెను.

2019 డిసెంబరు 17న రాష్ట్రమునకు మూడు రాజధానులు ఉండవచ్చునని ముఖ్యమంత్రిగారు శాసనసభలో ప్రకటించిరి. వారము తిరుగకమునుపే మా రహదారిమీద కార్లు తగ్గెను. అడుగుచుండినవారు ఫోను ఎత్తుట మానిరి. 2020 మార్చిలో గడువు తీరవలసియుండెను. ఆ నెలలోనే కరోనా వచ్చి దేశమంతయు తలుపులు వేసికొనెను. రైతు కొన్ని నెలలు ఆగెను. ఆయనకును బిడ్డలున్నారు. చివరకు అగ్రిమెంటు రద్దాయెను, బయానా పోయెను.

ఆ సంవత్సరము చివరలో ఆ విధవరాలు మా యింటికి వచ్చెను. కుర్చీలో కూర్చుండలేదు. గుమ్మమునొద్దనే నిలువబడి, “మాస్టార్ని నేనేమీ అనను అయ్యగారూ. ఆయన నన్ను అడగలేదు, నేనే ఇచ్చాను. మీరు గుళ్లో సాక్ష్యం చెప్పించారు కదా, దేవుడు చేసిన పని అన్నారు కదా, అందుకని ఇచ్చాను” అనెను. కోపముతో అన్న మాట కాదు. జరిగినది జరిగినట్లు చెప్పెను. ముప్పది యేండ్లకు దగ్గరగా నేను ప్రసంగించిన ప్రసంగములన్నియు ఆ గుమ్మమునొద్ద నిలువబడి నన్ను చూచినట్లాయెను. ఏమి చెప్పవలెనో తోచక మంచినీళ్లు ఇచ్చితిని. ఆమె త్రాగి వెళ్లిపోయెను.

ఆ రాత్రి మాస్టారి యింటికి వెళ్లితిని. ఆయన డాబామీద చీకటిలో కూర్చుండియుండెను. బహుసేపు ఇద్దరము మాటలాడలేదు. తరువాత ఆయన, “ఏటేటా పిల్లలకు ధనంబోడు రాజు కథ చెప్పేవాణ్ణి అయ్యగారూ. వాళ్లు విన్నారు. నేను వినలేదు” అనెను. నేను, “మాస్టారూ, మీరు రాజీనామా ఇచ్చిన నాడు నేను మిమ్మును ఆపవలసియుండెను. గుడి స్లాబు కొరకు ఆపలేదు. నన్ను క్షమించుడి” అంటిని. అంతవరకు ఎన్నో ఇండ్లలో క్షమాపణ గూర్చి బోధించితిని గాని, ఒకని యెదుట కూర్చుండి దానిని అడుగుట ఎంత కష్టమో ఆ రాత్రి తెలిసికొంటిని.

2021లో ఆయన, ఉపాధ్యాయుడుగా ఉన్నప్పుడు కట్టుకొనిన యిల్లు అమ్మివేసెను. అప్పులవారికి తీర్చగా మిగిలినది లక్షాయేబదివేలు. దానిని ఆ సహోదరికి ఇచ్చెను. నేను సంఘకమిటీలో లేచి, గుడికి వచ్చిన ఏబదివేలు సంఘము తిరిగి ఇవ్వవలెనంటిని. స్లాబులోనికి పోయిన సొమ్ము ఎట్లు తిరిగి వచ్చునని ఒకరడిగిరి. నాలుగు ఆదివారముల కానుకలనుండి వచ్చెను. ఆ మొదటి ఆదివారమున నేను బలిపీఠము నొద్ద నిలువబడి, లేవీ సంగతి సగము ప్రసంగించితినని, ఆ సగమువలన ఒక కుటుంబము దెబ్బతినెనని ఒప్పుకొంటిని. మిగిలిన రెండు లక్షలు నెలకు అయిదువేల చొప్పున ఇచ్చెదనని మాస్టారు తానే వ్రాసి సంతకము చేసెను. ఒక ప్రైవేటు పాఠశాలలో పూర్వపు జీతములో మూడవవంతుకు తిరిగి పాఠములు చెప్పుటకు చేరెను.

కథ ఇక్కడ ముగిసిన యెడల నాకు సులభముగా నుండెడిది. ధర పెరిగెను, మనుష్యుడు ఆశపడెను, ధర పడెను, బుద్ధి వచ్చెను అని ముగింపవచ్చును. నిజమునకు 2020లో నేను అట్టి ప్రసంగమే చేసితిని. ఇసుకమీద కట్టిన యింటితో ఆ స్థలములను పోల్చితిని. అయితే 2024 జూన్‌లో ప్రభుత్వము మారెను. అమరావతియే రాజధాని అని తిరిగి చెప్పబడెను. మాస్టారు పోగొట్టుకొనిన ఆ మూడు ఎకరములకు, ఆయన కుదుర్చుకొనిన దానికంటె ఎక్కువ ధర పలికెను. అప్పటికి నేను నందిగామకు బదిలీయై వచ్చియుంటిని. జగ్గయ్యపేట సంఘస్థుడొకడు బస్టాండులో నన్ను చూచి నవ్వుచు, “అయ్యగారూ, ఇసుక మీద ఇల్లు అన్నారు. ఇప్పుడు ధర పెరిగింది. ప్రసంగం మారుస్తారా?” అనెను.

ఆ పరిహాసము నాకు మేలు చేసెను. నా 2020 ప్రసంగము దేవుని వాక్యముమీద కట్టబడలేదు. అదియు ధరమీదనే కట్టబడెను. ధర పడినప్పుడు గెలిచి, ధర లేచినప్పుడు ఓడిపోవు బోధ సువార్త కాదు. అది బేరగాని మాటకు ప్రార్థన తొడిగిన రూపము.

మరి సత్యమేమి? నేను తిరిగి వెనుకకు చూచితిని. మాస్టారు నష్టపోయిన 2020ని విడిచి, మంచి లాభములు వచ్చిన 2016ను జ్ఞాపకము చేసికొంటిని. ఆ సంవత్సరము ఆయన భార్య నా భార్యతో అన్న మాట ఇది: “ఇంట్లో ఉన్నా ఇంట్లో లేరు అమ్మగారూ.” ప్రభువు బల్లయొద్ద మోకరించినప్పుడు ఆయన జేబులో ఫోను వణకుట నేను చూచితిని. పాఠశాలలో ఉన్నప్పుడు సాయంకాలము నాలుగున్నర తరువాతి కాలమంతయు ఆయనదే. రోగులను చూచెడివాడు, బడిపిల్లలకు ఊరకయే లెక్కలు చెప్పెడివాడు. యజమానుని విడిపించుకొనవలెనని ఉద్యోగము మానెను గాని, ఇరువది నాలుగు గంటలు పిలుచు యజమానుని చేతిలో పడెను. ధర లేచినప్పుడు ఇంకను కొననైతినే అను భయము, పడినప్పుడు ఎందుకు కొంటిననెడి భయము. రెండింటికిని నిద్ర లేదు. ధర పడకమునుపే ఆయన బానిస. ధర పడుట ఆ సంకెలను అందరికిని కనబరచినది, అంతే.

ప్రభువు ధనమును తప్పుడు లెక్క అనలేదు, యజమానుడు అనెను. ఆయన మాటలోని లోతు నాకు అప్పుడు తెలిసెను. లెక్క తప్పినవాడు మరల కూడుకొని సరిచేసికొనును. యజమానుని విడుచుటకు మరియొక యజమానుడు కావలెను.

యిర్మీయాను చూడుము. బబులోను సైన్యము యెరూషలేమును చుట్టుకొనియున్నది. భూమి ధర ఆ దినమున ఎంతయుండునో ఊహించుకొనుము. ప్రవక్తయైతే చెరసాల ప్రాకారములో నుండి, పినతండ్రి కుమారునియొద్ద అనాతోతు పొలమును 17 తులముల వెండికి కొనెను. సాక్షులను పెట్టెను, ముద్ర వేయించెను, పత్రములను మట్టికుండలో భద్రపరచుమనెను. రిజిస్ట్రీ కచేరీలో మన దస్తావేజు వ్రాయువాడుకూడ అంత జాగ్రత్త పడడు. ప్రవక్త కూడ భూమి కొనెను! అయితే మారు బేరమునకు కాదు. దేవుడు ఈ జనమును మరల ఈ నేలమీదికి తెచ్చునన్న మాటకు ఆ వెండి సాక్ష్యము. ఆయన ఆ పొలములో పంట కోసెనని గ్రంథము ఎక్కడను చెప్పదు. కొనినది పొలమే, పని చేసినది మాత్రము తన యజమానునికి.

మా జగ్గయ్యపేట పేరే ఒక పాఠము. పూర్వము అది బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడను జమీందారు తన తండ్రి జగ్గయ్య పేర పట్టణము కట్టెను. మనుష్యులు తమ భూములకు తమ పేళ్లు పెట్టుకొందురని 49వ కీర్తన చెప్పుచున్నది. పేరు మిగిలెను. జమీ మిగలలేదు. నేల మాత్రము అక్కడనే యున్నది, క్రొత్త లేఔటువాడు వచ్చి తన పేరు వ్రాయు బోర్డు కొరకు.

కాబట్టి ఆ బ్యాంకు యౌవనస్థునితో, వ్యాపారము చేయవద్దని నేను చెప్పలేదు. ఇల్లు కావలసినవానికి సరియైన స్థలము చూపుట మంచి వృత్తి. లింకు దస్తావేజులు, ఇ.సి. చూపి, లేఔటుకు అనుమతి ఉన్నదో లేదో ఉన్నదున్నట్లు చెప్పి, 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము ప్రకారము ఏజెంటుగా నమోదై, న్యాయమైన కమీషను తీసికొనువాడు ప్రభువు ఎదుట తల ఎత్తుకొని నిలువగలడు. అయితే నాలుగు ప్రశ్నలు అడిగితిని. ఉద్యోగము విడువ తలంచు ప్రతివారిని అవే అడుగుచున్నాను.

నీవు పెట్టబోవునది ఎవరి సొమ్ము? నీ కష్టార్జితమా, వడ్డీ సొమ్మా, నిన్ను నమ్మిన విధవరాలిదా? నీది పోయిన నీవు ఉపవాసముండవచ్చును. ఆమెది పోయిన ఆమె ఉండవలసి వచ్చును.

గడువు ఎవరి చేతిలో ఉన్నది? ఫలాని ఊరికి పోయి ఒక సంవత్సరము వ్యాపారము చేసి లాభము తెచ్చుకొందుమనువారిని యాకోబు ఎందుకు గద్దించెను? వ్యాపారము చేయుదుమన్నందుకు కాదు. ఆ సంవత్సరము తమ జేబులో నున్నట్లు మాటలాడినందుకు. అగ్రిమెంటులోని ఆరు నెలలు నీవు వ్రాయించినవే గాని నీవి కావు.

నీ భార్యకు పూర్తి లెక్క తెలియునా? లాభము చెప్పి అప్పు దాచిన యింటిలో ప్రార్థన నిలువదు. మాస్టారి భార్య మూడేండ్లు ఆగుమనెను. ఆమె మాట మేము ఇద్దరము వినియుండిన, ఆ పింఛను నేడు ఆ యింటికి దీపమై యుండెడిది.

చివరిది: లాభము వచ్చుచున్నప్పుడు నీవు దీనిని ఒక దినమైనను ఆపగలవా? ఆదివారము ఆరాధనలో ఫోను ఆపివేయగలవాడు వ్యాపారి. ఆపలేనివాడు అప్పటికే అమ్ముడుపోయెను.

ఆ యౌవనస్థుడు చాలసేపు మౌనముగా నుండెను. తరువాత, “మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయాను అయ్యగారూ. ఇంటికెళ్లి ముందు ఆమెతో మాట్లాడి వస్తాను” అనెను. అప్పుడు కన్నులు మూసికొని ప్రార్థన చేసితిని. రాజీనామా కొరకు కాదు, ఆ రాత్రి ఆ యింటిలో జరుగబోవు సంభాషణ కొరకు. అతడు ఇంకను బ్యాంకులోనే ఉన్నాడు. రేపు విడువవచ్చును, విడువకపోవచ్చును. విడిచినను ఎవరి వెంట వెళ్లుచున్నాడో తెలిసి విడుచును.

నా తోటి సేవకులారా, మీకును ఒక మాట. స్థలములకు ప్రార్థనలు, ఆఫీసులకు ప్రార్థనలు మనయొద్దకు ఎన్నో వచ్చును. కవరు పుచ్చుకొనక మునుపే ప్రశ్న అడుగుడి. పుచ్చుకొనిన తరువాత నోరు రాదు. ఇది నేను అనుభవించి చెప్పుచున్నాను.

మాస్టారు 2022 జూలై 1వ తేదీని మొదటి అయిదువేలు ఆ సహోదరి యింటికి తీసికొనిపోయెను. ఆ మీదట ఒక్క నెలయైనను తప్పలేదు. జ్వరముగానున్న నెల కుమారునిచేత పంపెను. 2025 అక్టోబరు 1వ తేదీ సాయంకాలము ఆమె నాకు ఫోను చేసెను. “అయ్యగారూ, ఇవాళతో నలభై నెలలు. మాస్టారు ఆఖరి అయిదువేలు ఇచ్చేశారు. కాగితం చింపేశాను” అనెను. కొంచెము ఆగి, “వచ్చే నెల ఒకటో తారీఖున రారేమోనని, టీకి రమ్మని చెప్పాను. ఆయన, ఆమె ఇద్దరూ వస్తామన్నారు” అనెను.

ప్రియ చదువరీ, ఒకటవ తేదీ మరల ఆ రెండు ఇండ్లకు పండుగ ఆయెను. నీ యింట ఆ తేదీ ఎవరిది?

ప్రభువా, మా చేతికి వచ్చు జీతమునకును, మా కాళ్లక్రింది నేలకును నీవే యజమానుడవు. మేము లేచునప్పుడు నీ వెంట లేవనిమ్ము. ఆగవలసినచోట మూడేండ్లయినను ఆగనిమ్ము. మా మాటవలన తొట్రిల్లినవారిని లేవనెత్తుము. ఆమేన్.